లాఫ్టరా, టిటరా

మేవిస్ నోట్లో ఆ సమయానికి మేకులు ఉండి ఉంటే ఇదేమీ జరిగేది కాదు.

శవపేటిక లోపల గుడ్డ బిగించేటప్పుడు సన్నపు మేకులు గుప్పెడు నోట్లో పోసుకొని, నాలుకతో ఒక్కొక్కటే పెదాల దాకా తోసి, అయస్కాంతపు సుత్తి మొనకి అందించాలి. ఈ విద్య ఆమెకి వడ్రంగి ఎనోక్ నేర్పాడు. నోట్లో మేకులున్నంతసేపూ మాట్లాడకూడదు, దగ్గకూడదు, నవ్వకూడదు. శవపేటికలు చేసే ఆంబ్లర్ గారి దగ్గర పనికి కుదిరాక మేవిస్‌కి అన్నిటికన్నా హాయి అనిపించింది ఆ నియమమే. మేకులు నోట్లో ఉన్న మనిషిని ఎవరూ ఏమీ అడగరు. అడిగినా తలూపితే సరిపోతుంది.

సోమవారం పొద్దున వీధిగది గంట మోగింది. ఆంబ్లర్ గారు వెనక షెడ్డులో పెట్టె అతుకులకి తారు పూస్తున్నారు.

"కూర్చోబెట్టు తల్లీ, నేను నల్లకోటు వేసుకొని వస్తాను. ఈలోగా ఆ ఒక్క మాటా చెప్పు, చాలు," అని అక్కణ్ణించే కేకేశారు.

మేవిస్ మేకుల్ని ఏప్రన్ జేబులోకి ఉమ్మి, జుట్టు మీది రంపపు పొట్టు దులుపుకొని ముందుగదిలోకి వెళ్ళింది. "ఆ ఒక్క మాట" అంటే, 'మీ దుఃఖంలో మేమూ పాలు పంచుకుంటున్నాం' అన్నది. ఆంబ్లర్ అండ్ సన్ వారి గడప తొక్కిన ప్రతివాళ్ళూ మూడు తరాలుగా వింటున్న మాట. మేవిస్ దాన్ని పెట్టెలకి మేకులు కొడుతూ మనసులో చెప్పుకునేది. మనసులో ఎన్నడూ తడబడలేదు.

గదిలో ఇద్దరున్నారు. నిలబడ్డవాడు నలభై ఏళ్ళ మనిషి, పట్నపు కోటు, చేతిలో మడిచిన గొడుగు. కుర్చీలో కూచున్నది పైలోయ నుంచి వచ్చిన ముసలావిడ. నల్ల టోపీ, నల్ల కోటు, నల్ల చేతితొడుగులు.

"పోయినాయన మా మామయ్య, అమోస్ కోట్స్. హై థార్న్స్ ఫారం," అన్నాడు మనిషి. "ఈవిడ మా అత్త. నేను రెజినాల్డ్ పికర్స్‌గిల్, లీడ్స్‌లో ఇన్సూరెన్స్ ఆఫీసు. ఏం అడగాలన్నా నన్నడగండి. అత్తకి చెవులు అంతంతమాత్రం."

మేవిస్ ముసలావిడ వైపు తిరిగింది. ఎవరి దుఃఖమో వాళ్ళకి చెప్పడం మర్యాద అనుకుంది. ఆవిడ చేతులు ఒళ్ళో ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. కుడిచేతి తొడుగు బొటనవేలు ఎక్కడో పక్కకి, ఖాళీగా, చిన్న చెవిలా లేచి నిలబడి ఉంది. ఆవిడ రెండు చేతులకీ ఎడమచేతి తొడుగులే వేసుకొచ్చింది.

అది చూడగానే మేవిస్‌కి ఏడుపులాంటిది వచ్చింది. ఆవిడ చీకట్లో డ్రాయరు లాగి, చేతికి దొరికినవి తొడుక్కుని, కొండదారి దిగి వచ్చిందన్నదంతా ఒక్కసారిగా కళ్ళకి కట్టింది.

"మీ దుఃఖంలో," అని మొదలుపెట్టింది, "మేమూ..."

పక్కటెముకల కింద ఎక్కడో చిన్న కదలిక. మేవిస్‌కి దాని నడక బాగా తెలుసు. ముందు పొట్ట బిగుస్తుంది. తరవాత గొంతు సన్నబడుతుంది. చెవులు వేడెక్కుతాయి. అప్పుడు లోపల ఉన్నదేదో, భయమో జాలో, పెద్ద తలుపు మూసి ఉందని గ్రహించి, కిటికీ చూసుకుంటుంది.

కిసుక్కుమంది.

చాలా చిన్న చప్పుడు. కొత్త బూటు కిర్రుమన్నట్టు ఉంది, అంతే. కానీ ఆ గదిలో తివాసీ మందం, గోడలకి మఖ్మలు, గడియారం కూడా గుడ్డలో చుట్టినట్టు కొట్టుకుంటుంది. అక్కడ ఏ చప్పుడూ దాక్కోలేదు.

"నవ్వుతున్నావా?" అన్నాడు రెజినాల్డ్.

లేదని చెప్పడానికి మేవిస్ నోరు తెరిచింది. రెండోది వచ్చింది.

ముసలావిడ తల వంచుకొని తొడుగుల్నే చూస్తోంది. ఆవిడ మెడ దగ్గర ఎర్రబడింది. ఆంబ్లర్ గారు నల్లకోటు బొత్తాలు పెట్టుకుంటూ లోపలికి వచ్చి, ముగ్గురినీ చూసి, ఆ ఒక్క మాటా తనే చెప్పేశారు.

ఆ తరవాత ప్రశ్నలన్నీ ముసలావిడ తల మీదుగా వెళ్ళాయి. ఓక్ చెక్కా, ఎల్మ్ చెక్కా? "ఎల్మ్," అన్నాడు రెజినాల్డ్. ఇత్తడి పిడులా? "ఇత్తడి." ఎప్పుడు? "వచ్చే మంగళవారం. మా ఆఫీసులో పెద్దలు రావాలి." ఆవిడ రెండుసార్లు తలెత్తింది. రెండుసార్లూ మళ్ళీ దించుకుంది.

*

మంగళవారం రెజినాల్డ్ ఒక్కడే వచ్చాడు. ఆంబ్లర్ గారితో ముందుగదిలో తలుపేసుకొని మాట్లాడి, వెనక షెడ్డు వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. మేవిస్ నోట్లో మేకులు ఉన్నాయి. ఉన్నా, వాటి రుచి తెలుస్తోంది ఆవేళ.

ఆంబ్లర్ గారు షెడ్డులోకి వచ్చి రంపపు బల్ల అంచు మీద కూచున్నారు. మంచి మనిషి. గొంతు మంద్రం. మెథడిస్టు చాపెల్‌లో కింది స్వరం ఆయనే పాడతారు. ఎవరినైనా నొప్పించాల్సి వస్తే ముందు తన మోకాళ్ళు రుద్దుకుంటారు. ఇప్పుడు రుద్దుకుంటున్నారు.

"మేవిస్, ఆ మేకులు తీసెయ్ తల్లీ."

మేవిస్ తీసేసింది.

"వాళ్ళ అత్తగారి చేతితొడుగులు చూసి నవ్వావని అంటున్నాడు. భర్త పోయిన మనిషి మొహాన నవ్వావట. నిన్ను తీసెయ్యకపోతే పెట్టె పక్క ఊళ్ళో చేయించుకుంటాడట."

"నేను నవ్వలేదండీ."

"చప్పుడు నేనూ విన్నాను. మెట్ల మీదున్నాను."

"వచ్చిందండీ. నేను నవ్వలేదు. అది వచ్చింది."

ఎనోక్ రందా పట్టడం ఆపాడు. అరవై దాటిన మనిషి. మేకులు నోట్లో పెట్టుకొని కూడా మాట్లాడగల ఒకే ఒక్కడు ఆ షెడ్డులో అతను. "అది టిటర్," అన్నాడు మేకుల సందుల్లోంచి. "లాఫ్టర్ వేరు, టిటర్ వేరు. ఊరికే అన్నీ నవ్వులని ఒకే గంపలో వేస్తే ఎట్టా?"

"తేడా ఏముంది?"

"ఏముందంటారేంటి! లాఫ్టర్ అంటే నోరు తెరిచి నవ్వేది, దానికి సిగ్గెందుకు? గిగిల్ ఆడపిల్లలది, ఇద్దరుంటేనే వస్తుంది, ఒంటరిగా రాదు. స్నిగర్ మగవెధవలది, పక్కవాడి ప్యాంటు చిరిగితే వచ్చేది, అందులో విషం ఉంటుంది. టిటర్ అట్టా కాదు. దానికి సంతోషంతో పనిలేదు. నవ్వకూడని చోటే పుడుతుంది. చర్చిలో చూడండి."

"మా చాపెల్‌లో ఎవరికీ రాదు."

"మీ చాపెల్‌లో ప్రసంగం అంత పొడుగాయె. అది పుట్టేలోపు నిద్ర పుడుతుంది."

ఆంబ్లర్ గారు వినీవిననట్టు లేచి, ఇంట్లోకి వెళ్ళి, నిఘంటువు పట్టుకొచ్చారు. ఆయన ఏదీ తేలిగ్గా నమ్మరు, తేలిగ్గా కొట్టెయ్యరు. కళ్ళజోడు పైకి తోసి, 'టి' దగ్గర వేలు పెట్టి, కిందికి దిగారు. పెదాలు కదుపుతూ చదువుకున్నారు. ఆ పుస్తకం చెప్పినదాని ప్రకారం టిటర్ అంటే, అణుచుకోబోయి అణుచుకోలేక, సంకోచం వల్లనో బెదురు వల్లనో బయటపడే చిన్నపాటి నవ్వు.

"బెదురు వల్ల," అని మళ్ళీ చదివారు. "ఎనోక్ చెప్పింది నిజమే. ఇందులో అగౌరవం ఉన్నట్టు రాయలేదు."

"ఆ మాటే చెప్పండి వాడికి," అన్నాడు ఎనోక్.

"వాడికి కాదు. విన్నది ఆవిడ, బాధపడాల్సింది ఆవిడ. రేపు పెట్టె తీసుకొని ఎలాగూ పైకి వెళ్తాం. ఆవిణ్ణే అడుగుతాను. ఆవిడ లాఫ్టర్ అంటే..." మళ్ళీ మోకాళ్ళు రుద్దుకున్నారు. "అంటే నేనేమీ చెయ్యలేను మేవిస్. టిటర్ అంటే మాత్రం, నువ్వు ఇక్కడే ఉంటావు. వాడు లీడ్స్ నుంచి పోలీసుల్ని తెచ్చుకున్నా సరే. అంతేనా?"

"అంతేనండీ," అంది మేవిస్.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి చూసుకుంది. ఇక్కడ పని పోతే మళ్ళీ వదినగారి చేపల కొట్టే. అక్కడ కొనడానికి వచ్చిన ప్రతివాడూ ఏదో ఒకటి అంటాడు, తను కిసుక్కుమంటుంది, వాడు అది చనువనుకుంటాడు. ఈ షెడ్డులో అలాంటి గొడవ లేదు. చెక్క వాసన, తారు వాసన, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని మనుషులు. ఇంత ప్రశాంతమైన చోటు ఒక ముసలావిడ నోట్లో ఒక్క మాటకి వేలాడుతోంది. ఆ మాట తలుచుకోగానే పక్కటెముకల కింద కదిలింది. వీధిలో ఎవరూ లేరు. రానిచ్చేసింది.

*

బుధవారం వ్యానులో ముందు సీట్లో ముగ్గురూ ఇరుక్కుని కూచున్నారు. వెనక ఎల్మ్ చెక్క పెట్టె. మేవిస్ ఒళ్ళో తెల్లగుడ్డ దిండు, చుట్టూ ఆమె కుట్టిన కుచ్చు. మలుపు మలుపుకీ గొర్రెలు అడ్డం వచ్చాయి. ఎనోక్ వాటినన్నిటినీ పేరు పెట్టి తిట్టాడు.

హై థార్న్స్‌లో వంటిల్లు వెచ్చగా ఉంది, ముందుగది చల్లగా ఉంది. ముందుగది గుమ్మానికి అడ్డంగా ఒక కుక్క పడుకొని ఉంది. మనుషులు దాన్ని దాటుకొనే తిరుగుతున్నారు. ఎనోక్, ఆంబ్లర్ గారు ఆ గదిలో ఉన్న అమోస్ కోట్స్‌ని పెట్టెలోకి మార్చాక, మేవిస్ ఆయన తల కింద దిండు సర్ది, చొక్కా కాలరు సవరించింది. పొడుగాటి మనిషి, మొహంలో ఏదో పని మధ్యలో పిలిస్తే వచ్చినట్టు చిన్న విసుగు.  చనిపోయినవాళ్ళ ముందు ఆమెకి అది ఎన్నడూ రాలేదు. వాళ్ళు ఆమె మొహం వైపు చూసి ఏమీ ఎదురుచూడరు.

వంటింట్లో బల్ల మీద టీ, పళ్ళ కేకు, జున్ను ముక్కలు సిద్ధంగా ఉన్నాయి. మిసెస్ కోట్స్ పొయ్యి పక్క కుర్చీలో కూచుంది. రెజినాల్డ్ కిటికీ దగ్గర నిలబడి, మేవిస్ లోపలికి రాగానే గోడ వైపు తిరిగాడు.

"ఈ అమ్మాయిని కూడా తీసుకొచ్చారన్నమాట," అన్నాడు గోడతో.

"న్యాయం అందరి ముందూ జరగాలి కదండీ," అన్నారు ఆంబ్లర్ గారు. కేకు ముక్క కొరికి, టీ తాగి, ధైర్యం కూడగట్టుకున్నారు. కూడగట్టుకోవడం పూర్తయ్యేలోపల మరో ముక్క నోట్లో పెట్టేసుకున్నారు. ఇక ఆలస్యం చేస్తే ఆ ధైర్యం ఉంటుందో పోతుందోనని నోటినిండా కేకుతోనే ముసలావిడ వైపు వంగారు.

"మిసెస్ కోట్స్, మీరే చెప్పాలి. మీ మాటే నా మాట. లాఫ్టరా, టిటరా?"

ఆవిడ తల ఎత్తింది. మొహంలో ఏదో వెలిగింది.

"టిటర్," అంది.

ఆంబ్లర్ గారి భుజాలు కిందికి దిగాయి. ఎనోక్ బల్ల కింద మేవిస్ కాలు తన్నాడు.

"ఖాయంగానా అమ్మా?"

"ఖాయం కాకేం. టిటర్ అయితేనే మేలు. ఎంత టిటర్ అయితే అంత మేలు."

మేవిస్‌కి అప్పుడు అర్థమైంది.  తన అమ్మమ్మది ఈ లోయే. 'టిటర్ రావే పిల్లా, పాలు పొంగిపోతున్నాయి' అనేది. పైలోయ ముసలివాళ్ళ మాటల్లో టిటర్ అంటే నవ్వు కాదు. త్వరగా అని, ముందే అని. ఆంబ్లర్ గారి నోట్లో కేకు, ఆవిడకి చెవులు మందం. ఆవిడ విన్నది 'లేటరా, టిటరా' అని. తరవాతా, ముందా? ఖననం ఎప్పుడు పెట్టుకుందామని అడుగుతున్నారనుకొని జవాబు చెబుతోంది ఆవిడ.

కిందిలోయలో పుట్టిన ఆంబ్లర్ గారికి ఆ మాట తెలియదు. ఎనోక్‌ది తీరప్రాంతం. రెజినాల్డ్ చిన్నప్పుడే పట్నం బళ్ళో పడ్డాడు, తెలిసినా మరిచిపోయి ఉంటాడు. ఆ గదిలో తెలిసింది ఒక్క మేవిస్‌కే.

నోరు మూసుకొని కూచుంటే చాలు. తీర్పు వచ్చేసింది.

"ఆయనకీ అదే ఇష్టం," అంటోంది మిసెస్ కోట్స్. ఇన్నాళ్ళకి ఎవరో ఒకటి అడిగారన్న సంబరంలో మాట ఆగడంలేదు. "మా అమోస్‌కి ఏదైనా టిటరే కావాలి. మా పెళ్ళప్పుడు ఏం చేశాడనుకున్నారు? మా నాన్న ముందు నిలబడి, టోపీ చేత్తో పట్టుకొని, టిటర్ అన్నాడు."

"మీ నాన్నగారి ముందేనా!" అన్నారు ఆంబ్లర్ గారు.

"మొహం మీదే."

"కోప్పడలేదా ఆయన?"

"ఎందుకు కోపం? మా నాన్నా ఆ బాపతే. సరే, టిటరే కానియ్యండి అన్నాడు. చాపెల్‌లో పాస్టరు గారు మాత్రం కొంచెం గునిశాడు."

"గునుస్తారు, గునుస్తారు," అన్నారు ఆంబ్లర్ గారు సానుభూతిగా. "రెండువైపులా వంశంలోనే ఉందన్నమాట."

రెజినాల్డ్ గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. వాళ్ళ తాత అలా పిల్లనిచ్చాడని అతనికి ఎవరూ చెప్పినట్టు లేదు. "అత్తా, నీకు ఒంట్లో బాగుందా?" అన్నాడు.

మేవిస్ పళ్ళతో నాలుక పట్టుకుంది. లోపల పొట్ట బిగిసింది. చెవులు వేడెక్కాయి. బల్ల మీది జున్ను ముక్కల్ని చూసింది, పొయ్యిలో బొగ్గుల్ని చూసింది. ఇంకొంచెంసేపు. ఆంబ్లర్ గారు లేచి టోపీ తీసుకుంటే అయిపోతుంది.

ఆంబ్లర్ గారు లేచి టోపీ తీసుకున్నారు. "మంచిదమ్మా. మనసు తేలికైంది. ఇక మంగళవారం మధ్యాహ్నం వస్తాం."

"మంగళవారమా?" అంది మిసెస్ కోట్స్.

"అవునత్తా, మొన్నే అనుకున్నాంగా," అన్నాడు రెజినాల్డ్.

ఆవిడ ఒక్క క్షణం అందరి మొహాలూ చూసింది. తరవాత తల వంచి ఒళ్ళో చేతుల్ని చూసుకుంది. సోమవారం ఆంబ్లర్ గారి ముందుగదిలో చూసుకున్నట్టే.

"నన్ను అడుగుతున్నారనుకున్నాను," అంది మెల్లగా.

కుక్క గుమ్మం దగ్గర నిట్టూర్చి, తల రెండో కాలి మీదికి మార్చుకుంది. ఎనోక్ కప్పులో మిగిలిన టీ గడగడా తాగాడు. ఎవరూ ఆవిడ మాట విన్నట్టు లేదు. విన్న మేవిస్‌కి, తను వినకపోయి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. నోరు తెరిచింది. మాట కన్నా ముందు అదే వచ్చింది.

కిసుక్కుమంది.

"చూశారా! వింటున్నారా!" రెజినాల్డ్ గొడుగు నేలకేసి కొట్టాడు. "ఆవిడ ఇంట్లోనే, ఆవిడ ముందే!"

"అయ్యా, ఆవిడ... ఒక్క నిమిషం అయ్యా," అంది మేవిస్. మాటకీ మాటకీ మధ్య అది వస్తూనే ఉంది, ఎక్కిళ్ళలాగా. "ఆవిడ చెప్పేది నా గురించి కాదండీ. ఈ పైలోయలో టిటర్ అంటే త్వరగా అని. ముందుగా పెట్టమంటున్నారు. ఖననం గురించండీ. ఆవిడకి మంగళవారం దాకా వద్దు."

 ఆంబ్లర్ గారి మొహంలో వంశమూ, పెళ్ళీ, టోపీ అన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి నడిచి వెళ్ళాయి.

"మరి నువ్వు ఇప్పుడిదంతా చెబితే..." అని ఆగారు.

"తెలుసండీ," అంది మేవిస్.

వెళ్ళి ముసలావిడ కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూచుంది, చెవికి అందేలా. "అమ్మా, మిమ్మల్ని ముందు ఇది అడగాలి. ఎప్పుడు కావాలి మీకు?"

"శనివారం," అంది ఆవిడ వెంటనే. "ఆదివారంనించి ఆ ముందుగది తలుపు మూసే ఉంది. గొర్రెలు కొండ మీదే ఉన్నాయి, దింపాలి. కుక్క తిండి ముట్టడంలేదు. రెజీ పెద్దమనుషులు వచ్చినా రాకపోయినా ఆయనకేం? వాళ్ళెవరో కూడా ఆయనకి తెలీదు."

"శనివారం," అన్నారు ఆంబ్లర్ గారు. రెజినాల్డ్ వైపు చూడకుండా అన్నారు.

మేవిస్ అరచేతులు తొడల మీద ఆనించుకుంది. "ఇంకోటి. మొన్న సోమవారం మా ముందుగదిలో నేను మీముందు ఒక చప్పుడు చేశాను. దాని గురించి అడగబోయి ఇలా అయింది. అది నవ్వా, లేక బెదురు వల్ల వచ్చే కిసుక్కా అని మిమ్మల్ని..."

"ఏ చప్పుడు?"

మేవిస్ చేసి చూపించనక్కర్లేకపోయింది. ఆ మాటకే వచ్చేసింది.

మిసెస్ కోట్స్ ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. ఎప్పుడో ఇంట్లోంచి పోయిన వస్తువు పక్కవాళ్ళ పెరట్లో కనిపించినట్టు చూసింది.

"అది నువ్వా?" అంది.

"అవునమ్మా."

"నేననుకున్నాను."

ఎవరికీ అర్థం కాలేదు. "నువ్వేమనుకున్నావత్తా?" అన్నాడు రెజినాల్డ్.

"నేననుకున్నానురా. ఆ చప్పుడు చేసింది నేనేననుకున్నాను." ఆవిడ గొంతు తగ్గించలేదు. చెవులు మందమైనవాళ్ళకి గుట్టు చెప్పడం రాదు. "ఆదివారం పొద్దున పాకలోకి పోతే పాల బకెట్ పక్కన ఆయన పడున్నాడు. పిలిచాను, కదిపాను. ఇక లేడని తెలియగానే నాకు అదే వచ్చింది. ఏడుపు కాదు. అదే. ఆవుల ముందు ఒక్కదాన్నే నిలబడి... ఎన్నిసార్లో. అప్పటినించి ఎప్పుడు పడితే అప్పుడు వస్తోంది. పాస్టరు వచ్చినప్పుడు దగ్గుగా మార్చాను. మీ గదిలో వినపడగానే, అయిపోయింది, పరాయివాళ్ళ ముందు కూడా వచ్చేసింది అనుకున్నాను. వీడు 'నవ్వుతున్నావా?' అన్నాడు. నన్నే అన్నాడనుకొని సిగ్గుతో చచ్చాను."

రెజినాల్డ్ గొడుగు ఆ చేతిలోంచి ఈ చేతికి మార్చుకున్నాడు. "నేను... ఆ పిల్లని కదా అన్నది," అన్నాడు చివరికి. ఆ పిల్లని అన్నా ఎందుకన్నాడో అప్పుడే కొత్తగా ఆలోచిస్తున్నట్టుంది.

"మూడు రోజులుగా అనుకుంటున్నాను," అంది ఆవిడ మేవిస్‌తో, "నేను మంచి మనిషిని కాదేమోనని. లేకపోతే మతి చెడిందేమోనని. నీకు ఎంతకాలంగా ఉంది పిల్లా ఇది?"

"పుట్టినప్పటినించీ అనుకుంటానమ్మా."

"పోతుందా?"

"పోదు. కాసేపు దాక్కుంటుంది."

ఆవిడ తలూపింది. పొలం పని గురించి తెలిసినవాళ్ళని అడిగి తెలుసుకున్నట్టు. "ఏమంటారు దాన్ని మీ కిందిలోయలో?"

"టిటర్ అంటారు."

"అదెట్టా? టిటర్ అంటే త్వరగా కదా."

"మీకు త్వరగా. మాకు ఇది."

"మాకు దీనికి పేరు లేదు," అంది ఆవిడ. కొంచెంసేపు ఆలోచించి, "ఎవరూ ఒప్పుకోలేదు గనక అయి ఉంటుంది," అంది.

బయలుదేరేటప్పుడు ఆవిడ గుమ్మం దాకా వచ్చి ఆంబ్లర్ గారి చెయ్యి పట్టుకుంది. "శనివారం ఈ పిల్ల నా పక్కన నుంచోవాలి. ముందు వరసలో."

"అత్తా, అక్కడ కుటుంబం నిలబడాలి," అన్నాడు రెజినాల్డ్. ఈసారి గొంతులో అంత బలం లేదు.

"నువ్వు ఆ పక్కన నుంచో. ఈ పక్కన ఈ పిల్ల. మా ఇద్దరిలో ఎవరికి వచ్చినా, రెండోదాన్ని అనుకుంటారు జనం."

వ్యాను కొండ దిగింది. గొర్రెలు అడ్డం వచ్చినా ఎనోక్ తిట్టలేదు. ఊళ్ళోకి మలుపు తిరిగాక ఆంబ్లర్ గారు గొంతు సవరించుకున్నారు.

"ఇంతకీ ఆవిడ ఏమన్నట్టు? లాఫ్టరనా, టిటరనా?"

"తనదన్నారండీ," అంది మేవిస్.

ఆయన ఆ జవాబుని నిఘంటువులో వెతుకుతున్నట్టు కాసేపు రోడ్డు వైపు చూశారు. తరవాత, "ఆ దిండు కుచ్చు ఎడమవైపు కొంచెం వదులుగా ఉంది. శనివారం పొద్దున్నే వెళ్ళి రెండు కుట్లు వెయ్యాలి నువ్వు," అన్నారు.

ఎనోక్ కిటికీ వైపు తిరిగి ఏదో రాగం తీశాడు.

*

శనివారం గాలి లేదు. పైలోయ చాపెల్ నిండిపోయింది. లీడ్స్ పెద్దలు రాలేదు, వాళ్ళకి కేటాయించిన బల్ల మీద గొర్రెలకాపరులు కూచున్నారు. ముందు వరసలో రెజినాల్డ్, మిసెస్ కోట్స్, ఆవిడకి ఈ పక్కన మేవిస్. ఆవిడ చేతులకి తొడుగులు సరిగ్గా ఒకటి కుడి, ఒకటి ఎడమ. మేవిస్ ఎనోక్ భార్య దగ్గర అరువు తెచ్చుకున్న నల్లకోటులో ఉంది. కోటు భుజాలు ఆమె కొలతవి కావు.

పాటలు అయ్యాయి. ప్రార్థన అయింది. ఇద్దరికీ ఏమీ కాలేదు. మేవిస్ నెమ్మదిగా ఊపిరి పీల్చి వదులుతోంది. పక్కన ముసలావిడ కూడా అదే వేగంతో పీల్చి వదులుతోందని మోచెయ్యికి తెలుస్తోంది.

పాస్టరు కొత్తవాడు, ఆ లోయకి వచ్చి ఏడాది కాలేదు. బల్ల అంచులు రెండు చేతులా పట్టుకొని, అమోస్ కోట్స్ ఎలాంటి మనిషో చెప్పడం మొదలుపెట్టాడు. కష్టజీవి అన్నాడు. మాట నిలబెట్టుకునేవాడన్నాడు. జనం తలలూపారు. "అన్నిటికీ మించి," అని చెయ్యెత్తాడు, "అమోస్ జీవితంలో ఏనాడూ, దేనికీ తొందరపడిన మనిషి కాదు."

ఆ నిశ్శబ్దంలో, ముందు వరసలోంచి, కొత్త బూటు కిర్రుమన్నట్టు ఒక చిన్న చప్పుడు.

పాస్టరు ఆగాడు. వెనక బల్లల మీద టోపీలు కదిలాయి. రెజినాల్డ్ మెడ తిప్పి మేవిస్ వైపు చూశాడు. చూసి, ఏమనుకున్నాడో, మళ్ళీ ముందుకి తిరిగి, గొంతు పగిలేలా పెద్దగా దగ్గాడు. ఇంకోసారి కూడా దగ్గాడు. పాస్టరు జాలిగా తలూపి పుస్తకం వైపు చూపు దించుకున్నాడు.

మేవిస్ మొహం మండిపోతోంది. నాలుకతో పళ్ళ వెనక తడుముకుంది. పెదాలు మూసే ఉన్నాయి. పక్కకి చూసింది. మిసెస్ కోట్స్ పెదాలూ మూసే ఉన్నాయి. ఆవిడ కూడా ఇటే చూస్తోంది, కనుబొమలు కొద్దిగా పైకెత్తి.

"నువ్వేనా?" అంది ఆవిడ. మెల్లగానే అన్నాననుకుంది. మూడు వరసల దాకా వినపడింది.

"తెలీడంలేదమ్మా," అంది మేవిస్ ఆవిడ చెవిలో. "మీరు కాదా?"

ఆవిడ నిజాయితీగా ఆలోచించింది.

"నాకూ తెలీడంలేదు," అంది. మేవిస్ చెయ్యి తీసుకొని, తన చేతికిందికి లాగి పెట్టుకొని, మొగుడి పెట్టె వైపు తిరిగింది.